చైనా అబ్బాయితో పెళ్ళి: అత్తమామలను చూసుకోకపోతే కేసు పెడతారా?

మీ చెల్లెలు చైనా అబ్బాయిని చేసుకోబోతోందనీ, అక్కడ అమ్మానాన్నలను చూడకపోతే కేసు పెడతారని విని భయంగా ఉందనీ రాశారు. చట్టం ఉన్నమాట నిజమే. వేరుగా ఉంటున్న పిల్లలు తరచూ వెళ్ళి పెద్దవాళ్ళను చూడాలని, లేదా క్షేమసమాచారాలు కనుక్కుంటూ ఉండాలని 2013 జులై 1 నుంచి అక్కడి వృద్ధుల హక్కుల చట్టంలో ఉంది. అదే రోజు వూషీ నగరంలోని ఒక కోర్టు, 77 ఏళ్ళ తల్లిని కూతురు రెండు నెలలకు ఒకసారైనా వెళ్ళి చూడాలని తీర్పిచ్చింది. కానీ ఇళ్ళల్లో జరిగేది వేరు.

నేను షెన్‌జెన్‌లో పనిచేసేటప్పుడు పక్క సీటు సహోద్యోగిది హునాన్‌లో పల్లెటూరు. అతని నోట ఈ చట్టం మాటే రాలేదు. అక్కడ పెళ్ళికి ముందే అబ్బాయికి ఇల్లు ఉండాలన్న పట్టింపు ఎక్కువ. డౌన్‌పేమెంట్ కోసం అమ్మానాన్నలు తాము దాచుకున్నదంతా ఇచ్చేశారు. పాప పుట్టగానే వాళ్ళమ్మ వచ్చి వంట, స్కూలు అన్నీ తన మీదే వేసుకుంది. నాన్న పొలం వదల్లేక ఊళ్ళోనే ఉండిపోయాడు. మనవల కోసం మన పెద్దవాళ్ళు అమెరికాలో ఆరు నెలలు ఉండి వస్తారు కదా, అక్కడ ఇది ఏళ్ళ తరబడి సాగుతుంది. ఆవిడకు రావాలని ఉందా అని ఎవరూ అడగలేదు. ఇప్పటికీ నన్ను బాధపెట్టేది అదే.

తర్వాత నాన్నకు పక్షవాతం వచ్చింది. ఇతను ఒక్కడే కొడుకు, భార్య కూడా ఒక్కతే కూతురు. 1980 నుంచి 2015 దాకా నడిచిన ఒకే బిడ్డ విధానం వల్ల ఇలాంటి జంటలు అక్కడ చాలామంది. నలుగురు పెద్దవాళ్ళ భారం ఇద్దరి మీదే. అరవై దాటిన తల్లిదండ్రులున్న ఏకైక సంతానానికి నెలకు 3,000 యువాన్ల ఆదాయం మీద పన్ను మినహాయింపు ఉంది, కానీ మంచం దగ్గర కూర్చోవడానికి మనిషి కావాలి కదా. శుక్రవారం సాయంత్రం ఆఫీసు నుంచి నేరుగా రైలెక్కేవాడు. అతని ముఖంలో అలసట చూశాను, విసుగు మాత్రం చూడలేదు. అది ప్రేమ కాదంటే నేను ఒప్పుకోను.

కాబట్టి కోర్టు గురించి టెన్షన్ పడకండి. అబ్బాయికి తోడబుట్టినవాళ్ళు ఉన్నారా, ఇంటి డబ్బు ఎవరిస్తున్నారు, బిడ్డ పుడితే అత్తగారు వచ్చి ఉంటారా, మీ అమ్మానాన్నలకు అవసరమైతే అతను వస్తాడా అన్నవి పెళ్ళికి ముందే ఇద్దరినీ కూర్చుని తేల్చుకోమనండి.