అక్టోబరు చివరి ఆదివారం

చెన్నై,
ఆదివారం రాత్రి

బుజ్జీ,

నీకు లండన్‌లో సీటు వచ్చిందని మీ నాన్న ఫోను చేసినప్పటి నుంచి మా వీధిలో ఆ సంగతి తెలియనివాళ్లు లేరు. పూలమ్మే ఆమెకు కూడా చెప్పాను. రాత్రయితే మాత్రం నిద్ర పట్టడం లేదు. ఫోనులో చెబితే "సరే అత్తా, సరే అత్తా" అని మధ్యలోనే పెట్టేస్తావు కనుక రాస్తున్నాను.

ముందు చిన్న విషయాలు. కాగితాలన్నీ చేతిసంచిలో ఉండాలి, పెట్టెలో వద్దు. మీ అమ్మ నెయ్యి డబ్బా సర్దుతోందట, తీయించు. మన దేశం నుంచి పాలతో చేసినవీ మాంసమూ అక్కడికి తీసుకువెళ్లనివ్వరు. ఆవకాయకు అడ్డు లేదు, నూనె కారకుండా కట్టించు. మన ప్లగ్గులు అక్కడ దూరవు. వీసాతో పాటు వైద్యం కోసం ఏడాదికి 776 పౌండ్ల చొప్పున కట్టారు కదా, చేరిన వారంలోనే దగ్గర్లోని డాక్టరు దగ్గర పేరు రాయించుకో. జ్వరం వచ్చాక వెతుక్కోవడం కాదు. తరగతులు జరిగే రోజుల్లో వారానికి 20 గంటలకు మించి పని చేయకూడదు, ఎవరు ఎంత ఆశపెట్టినా సరే. గది చూడకుండా డబ్బు పంపకు. అడ్వాన్సు అయిదు వారాల అద్దెకు మించి అడగకూడదని అక్కడ చట్టం. పది నెలల అడ్వాన్సు కట్టడం అలవాటైన మీ నాన్న ఈ మాట నమ్మడం లేదు. నోరు చప్పబడితే ఈస్ట్ హామ్ వెళ్లు, మన సరుకులు దొరుకుతాయి.

ఇక గడియారం సంగతి. నవ్వకు.

అక్టోబరు చివరి ఆదివారం తెల్లవారుజామున అక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. అప్పటిదాకా మనకూ వాళ్లకూ నాలుగున్నర గంటల తేడా, ఆ రోజు నుంచి అయిదున్నర. ఇప్పటి ఫోన్లు వాటంతట అవే మార్చుకుంటాయని నాకూ తెలుసు. నేను చెప్పేది 1985 మాట, నేనక్కడ చదువుకునే రోజులు.

పదిహేను రోజులకొక ఆదివారం, అక్కడి నాలుగింటికి, నేను అద్దెకున్న ఇంటావిడ హాల్లోని ఫోను నుంచి మూడు నిమిషాలు మాట్లాడాలని మీ తాతయ్యకూ నాకూ ఒప్పందం. టి.నగర్‌లో మనింట్లో ఫోను లేదు, పక్కింటి వకీలు గారి ఆఫీసు గదిలో ఉండేది. ఎనిమిదిన్నరకు ఫోనంటే మీ తాతయ్య ఎనిమిదికే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, తల దువ్వుకుని, నేనేదో ఎదురుగా కనిపించబోతున్నట్టు వెళ్లి కూర్చునేవారట.

ఆ ఆదివారం ఇంటావిడ గోడ గడియారం వెనక్కి తిప్పుతుంటే నేనూ నా చేతి గడియారం తిప్పుకున్నాను. మద్రాసు తిప్పుకోలేదన్న సంగతి తోచలేదు. నాలుగింటికి చేశాను. అక్కడ తొమ్మిదిన్నర. మీ తాతయ్య తొమ్మిదిదాకా చూసి లేచి వచ్చేశారు, వాళ్లు గదికి తాళం వేసుకున్నారు. దీపావళి ముందు వానలు కదా, ఆ హోరులో లోపల మోగే ఫోను ఎవరికి వినిపిస్తుంది?

తెల్లవారగానే మీ నాన్నను వెంటబెట్టుకుని మోకాలి లోతు నీళ్లలో తంతి ఆఫీసుకు నడిచారు. మీ నాన్నకు పన్నెండేళ్లు. ఎంత ఎత్తి పట్టినా గొడుగు ఊచలు తండ్రి తలకు తగులుతుంటే చివరికి మడిచేశారట. ఇద్దరూ తడిసి ముద్దయ్యారు. పెద్దాయన వారం రోజులు జ్వరంతో మంచం పట్టారు.

తంతి చేతికి వచ్చాక వేళ్ల మీద లెక్కపెట్టుకుంటే తెలిసింది. భౌతికశాస్త్రం చదవడానికి వెళ్లినదాన్ని, గంట లెక్క తప్పానని ఎలా రాయను? "లైన్లు దొరకలేదు నాన్నా" అని రాశాను. ఆయన నమ్మారు. 1999లో పోయేదాకా, ఫోను ఎప్పుడు గరగరలాడినా "ఆ రోజు మా అమ్మాయినీ ఇలాగే మాట్లాడనివ్వలేదు" అని ఆ తీగలను తిట్టేవారు. నేను పక్కనే కూర్చుని కాఫీ తాగేదాన్ని. చెప్పడానికి పద్నాలుగేళ్లు ఉన్నాయి, బుజ్జీ. మీ నాన్నకు కూడా ఇది ఇప్పుడే తెలుస్తుంది, చదివి వినిపించు.

నీకూ ఆ జబ్బు ఉంది. వంటంతా వచ్చేసిందని మీ అమ్మకు చెప్పావట. పోయిన నెల మా ఇంట్లో చారు పెడుతూ, చింతపండు నానబెట్టాలా అత్తా అని అడిగింది ఎవరు? అక్కడ పర్సు పోయినా, పరీక్ష తప్పినా, తప్పు రైలెక్కి ఎక్కడో దిగినా "అంతా బాగుంది" అనకు. డిసెంబరులో అక్కడ నాలుగు కాకముందే పొద్దు గూకుతుంది. ఆ వేళల్లో నేను గదిలో కూర్చుని ఏడ్చి, ఇంటికి మాత్రం పార్కులో ఉడుతల గురించి రాసేదాన్ని. నువ్వు నాకు చెప్పు. తిడతాను. తిట్టాక డబ్బు పంపిస్తాను.

ఆదివారం రాత్రి ఎనిమిదిన్నరకు ఫోను చెయ్యి. నీకు అది సాయంత్రం నాలుగు. అక్టోబరు చివరి ఆదివారం నుంచి మాత్రం నాలుగు కాదు, మూడు.

నేను ఎనిమిదికే కూర్చుంటాను.

నీ అత్త