టెక్ సందేహాలు: పెళ్లిళ్ల సీజన్‌లో గ్రాఫిక్స్ కార్డు మొండికేస్తే

ప్రశ్న: మాది జగిత్యాల. పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాను. ఐ5-8400 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, జీటీఎక్స్ 1050 టీఐ 4 జీబీ గ్రాఫిక్స్ కార్డు ఉన్నాయి. పని అంతా ప్రీమియర్ ప్రోలోనే. పది రోజులుగా స్క్రీన్ మీద రంగురంగుల గళ్లు వస్తున్నాయి. ఎక్స్‌పోర్ట్ పెడితే సగంలో స్క్రీన్ నల్లబడి ఆగిపోతోంది. ఇక్కడి మెకానిక్ చిప్ రీబాల్ చేస్తానంటున్నారు, 3,500 అవుతుందట. కొత్తది కొనాలంటే 18 వేలకు మించి పెట్టలేను. చేతిలో మూడు పెళ్లిళ్ల పని ఉంది. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: కార్డు గురించి తర్వాత మాట్లాడుకుందాం. ముందు ఆ మూడు పెళ్లిళ్ల ఫుటేజ్ ఎక్కడుందో చూడండి. కెమెరా మెమరీ కార్డులు ఇంకా ఫార్మాట్ చేయకపోతే అలాగే పక్కన పెట్టేయండి. ఫార్మాట్ అయిపోయి ఉంటే ఈ రోజే ఫుటేజ్ మొత్తాన్ని, ప్రాజెక్ట్ ఫైళ్లతో సహా, ఇంకో హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేయండి. ఎక్స్‌పోర్ట్ మధ్యలో సిస్టమ్ పదేపదే ఆగిపోతుంటే ఫైళ్లు పాడయ్యే ప్రమాదం ఉంటుంది. గ్రాఫిక్స్ కార్డు పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు కానీ, జీలకర్ర బెల్లం పెట్టిన క్షణాన్ని మళ్లీ షూట్ చేయలేం కదా.

ఇంకో జాగ్రత్త. ఇలాంటి స్థితిలో ఉన్న కార్డు ఎక్స్‌పోర్ట్‌ను పూర్తి చేసినా ఆ ఫైలును నమ్మకండి. కార్డులోని మెమరీ దెబ్బతింటే ఆ గళ్లు, పచ్చటి ఫ్రేములు మానిటర్ మీదే కాదు, తయారైన వీడియోలోకీ వెళ్లిపోతాయి. మా ఇంట్లో జరిగిన ఒక పెళ్లి వీడియోలో అప్పగింతల దగ్గర కొన్ని సెకన్లు తెర మొత్తం ఆకుపచ్చగా వచ్చింది. మేం గమనించేసరికి ఎడిటర్ దగ్గర ఒరిజినల్ ఫుటేజ్ లేదు. మా పిన్ని ఆ వీడియో పెట్టుకున్న ప్రతిసారీ అక్కడికి రాగానే ఫార్వర్డ్ చేస్తుంది. అందుకే ఈ నెలలో మీరు ఇచ్చే ప్రతి ఫైలునూ మొదటి నుంచి చివరి దాకా చూశాకే ఇవ్వండి.

ఇక చేతిలో ఉన్న పని సంగతి. మీకు తెలియకుండానే మీ దగ్గర ఇంకో గ్రాఫిక్స్ ఉంది. ఐ5-8400 ప్రాసెసర్‌లోనే ఇంటెల్ యూహెచ్‌డీ 630 ఉంటుంది. సిస్టమ్ ఆపి, కరెంటు వైరు తీసేసి, 1050 టీఐని బయటకు తీయండి. మానిటర్ కేబుల్‌ను మదర్‌బోర్డుకు వెనక ఉన్న హెచ్‌డీఎంఐ పోర్టులో పెట్టి ఆన్ చేయండి. ప్రీమియర్ తెరిచాక ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లోని జనరల్‌లో రెండరర్ దగ్గర ‘సాఫ్ట్‌వేర్ ఓన్లీ’ ఎంచుకోండి. ఎక్స్‌పోర్ట్‌లో మాత్రం ‘హార్డ్‌వేర్ ఎన్‌కోడింగ్’ అలాగే ఉంచండి. అప్పుడు ప్రాసెసర్‌లోనే ఉండే ఇంటెల్ క్విక్ సింక్ అనే వీడియో ఇంజిన్ హెచ్.264 రకం వీడియో ఫైలును తయారు చేస్తుంది. 2011లో రెండో తరం ప్రాసెసర్లతో వచ్చిన ఈ క్విక్ సింక్‌ను ఎడిటర్లు చాలామంది చిన్నచూపు చూస్తారు. మన దగ్గర ఎందరో వాడే ఎడియస్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ పాత వెర్షన్లలో ఎక్స్‌పోర్ట్ వేగానికి ఆధారం ఇదే.

కలర్ కరెక్షన్, ఎఫెక్ట్స్ పెట్టినచోట ప్లేబ్యాక్ తడబడుతుంది. దానికి ప్రాక్సీలు, అంటే క్లిప్పులకు తక్కువ రిజల్యూషన్ నకళ్లు, చేసుకోండి. 4కే క్లిప్పులన్నిటికీ 720పీ ప్రాక్సీలు రాత్రి పెట్టి పడుకుంటే పొద్దుటికి రెడీ అవుతాయి. ఎడిటింగ్ ప్రాక్సీల మీద సాగుతుంది, ఎక్స్‌పోర్ట్ మాత్రం ఒరిజినల్ క్లిప్పుల నుంచే జరుగుతుంది. పని నెమ్మదిస్తుంది, అయినా మూడు పెళ్లిళ్లూ గట్టెక్కుతాయి. ఇలా వారం రోజులు ఏ గళ్లూ రాకుండా నడిచిందంటే జబ్బు పాత కార్డు వైపే ఉందని కూడా తేలుతుంది.

అంతమాత్రాన కార్డు పోయిందని వెంటనే తీర్మానించకండి. పని ఒత్తిడి తగ్గాక కార్డును మళ్లీ పెట్టి, గళ్లు కనిపించినప్పుడు ఒక స్క్రీన్‌షాట్ తీసి ఫోన్‌లో చూడండి. అందులోనూ గళ్లుంటే తప్పు కార్డుదో, దాన్ని నడిపించే సాఫ్ట్‌వేర్ అయిన డ్రైవర్‌దో. స్క్రీన్‌షాట్ శుభ్రంగా ఉంటే కేబుల్‌నో మానిటర్‌నో మార్చి చూడాలి. రీస్టార్ట్ చేసినప్పుడు విండోస్ రాకముందే, మదర్‌బోర్డు లోగో తెర మీదే గళ్లు కనిపిస్తే డ్రైవర్‌కు సంబంధం లేదు, అది హార్డ్‌వేర్ జబ్బే. విండోస్‌లోకి వచ్చాకే గళ్లు వస్తుంటే సేఫ్ మోడ్‌లో డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో పాత డ్రైవర్‌ను పూర్తిగా తుడిచేసి, కొత్తది వేసి చూడండి.

వేడి కూడా చూడాలి. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ పెట్టుకుని ఎక్స్‌పోర్ట్ సమయంలో కార్డు ఉష్ణోగ్రత గమనించండి. 1050 టీఐకి ఎన్వీడియా చెప్పిన గరిష్ఠ హద్దు 97 డిగ్రీలు. మీది 90 దాటుతుంటే ఫ్యాన్ తిరగట్లేదో, దుమ్ము పేరుకుందో, లోపలి థర్మల్ పేస్ట్ ఎండిపోయిందో అయి ఉంటుంది. ఇన్నేళ్లు వాడిన కార్డులో పేస్ట్ ఎండిపోవడం మామూలే. బ్లోయర్‌తో దుమ్ము కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకోండి. లేదంటే గాలి దెబ్బకు విపరీతమైన వేగంతో తిరిగి బేరింగ్ పోతుంది. పేస్ట్ మార్చడానికి అయ్యేది కొన్ని వందలే. దానితో బాగుపడితే మీ 18 వేలూ మిగిలినట్టే.

చాలామంది పట్టించుకోనిది ఎస్‌ఎంపీఎస్, అంటే సిస్టమ్‌లోని భాగాలకు కరెంటు అందించే పెట్టె. ‘ఎక్స్‌పోర్ట్ పెడితే ఆగిపోతోంది’ అన్న మీ మాట వినగానే నాకు మొదట అనుమానం వచ్చింది దాని మీదే. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ ఒకేసారి బలంగా పనిచేసేది అప్పుడే. క్యాబినెట్‌తో పాటు వచ్చే ఎస్‌ఎంపీఎస్ మీద 450 వాట్లని రాసి ఉన్నా, లోడ్ పడగానే వోల్టేజ్ జారిపోయేవి ఉంటాయి. 12 వోల్టుల లైను 11.4కు తగ్గకూడదు, 12.6కు మించకూడదు. తెలిసినవాళ్ల దగ్గర మంచి ఎస్‌ఎంపీఎస్ ఒక్క పూటకు అడిగి తెచ్చి, దానితో ఒక ఎక్స్‌పోర్ట్ చేసి చూడండి. ఈ పరీక్ష చేయకుండా కొత్త కార్డు కొని, అదే ఎస్‌ఎంపీఎస్‌కు తగిలిస్తే పాత కష్టమే తిరిగి రావచ్చు.

ఇవన్నీ చూసినా కార్డే పోయిందని తేలితే, రీబాలింగ్ మాత్రం వద్దు. మెకానిక్ మోసం చేస్తున్నారని నా ఉద్దేశం కాదు. చిప్ కింద ఉండే సోల్డర్ గుండ్లను తీసి కొత్తవి వేసే పని అది. అయితే ఇలాంటి కార్డుల్లో లోపం తరచుగా చిప్ లోపలో, పక్కనున్న మెమరీ చిప్‌లోనో ఉంటుంది. వేడి తగలగానే కొన్ని రోజులు, కొన్ని వారాలు బాగా పనిచేసినట్టు అనిపించి, మళ్లీ మొదటికొస్తుంది. పాడైన మెమరీ చిప్‌ను గుర్తించి మార్చగలిగే నిపుణులు ఉన్నారు. ఖరీదైన కార్డుకు అది లాభం. 1050 టీఐకి 3,500 పెట్టడం దండగ. పైగా ఈ తరం కార్డులకు ఎన్వీడియా కొత్త డ్రైవర్లు ఇవ్వడం 2025 అక్టోబర్‌తో ఆగింది. 2028 అక్టోబర్ దాకా మూడు నెలలకోసారి సెక్యూరిటీ అప్‌డేట్లు మాత్రం వస్తాయి.

ఇక ఏది కొనాలి? కార్డుల రివ్యూలు ఎక్కువగా గేమ్స్ ఆడేవాళ్ల కోసం ఉంటాయి. ఏ గేమ్‌లో సెకనుకు ఎన్ని ఫ్రేములు వస్తాయన్నది మీకు పనికొచ్చే లెక్క కాదు. మీరు అడగాల్సినవి మూడు. వీడియోను విప్పే (డీకోడింగ్), చుట్టే (ఎన్‌కోడింగ్) ప్రత్యేక ఇంజిన్ దానిలో ఉందా? మెమరీ ఎంత? మీ ఎస్‌ఎంపీఎస్ దాన్ని మోయగలదా?

ఈ మూడూ కలిపి చూస్తే మీకు నేను చెప్పేది ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ. 2024 ఫిబ్రవరిలో వచ్చింది. 70 వాట్లే తీసుకుంటుంది. మదర్‌బోర్డు స్లాట్ నుంచే 75 వాట్ల దాకా అందుతుంది కాబట్టి దీనికి వేరే పవర్ కేబుల్ అక్కర్లేదు. 1050 టీఐ తీసిన చోటే పెట్టేయొచ్చు. హెచ్.264, హెచ్.265 రెండింటికీ ఎన్‌కోడింగ్ ఉంది, ప్రీమియర్‌కు కావలసిన ‘కుడా’ (CUDA) అనే ఎన్వీడియా సాంకేతికత ఉంది. అదే పేరుతో 8 జీబీ మోడల్ కూడా ఉంది. దానిది 130 వాట్లు, పవర్ కేబుల్ కావాలి, వేగమూ ఎక్కువే. పేరు ఒకటే కదా అని రేటు మాత్రమే చూసి బుక్ చేయకండి, బిల్లులో 6 జీబీయా 8 జీబీయా రాయించుకోండి.

8 జీబీ కార్డు బడ్జెట్‌లో దొరికి, ఎస్‌ఎంపీఎస్ కూడా మంచిదైతే అదే తీసుకోండి. వాడిన ఆర్‌టీఎక్స్ 3060 12 జీబీ తెలిసినవాళ్ల దగ్గర బిల్లుతో, వారంటీ మిగిలి ఉండి దొరికితే వీడియో పనికి అంతకన్నా మేలు. అయితే అది 170 వాట్లు తీసుకుంటుంది. క్యాబినెట్‌తో వచ్చిన ఎస్‌ఎంపీఎస్‌కు దాన్ని తగిలించే ఆలోచన కూడా చేయకండి.

దుకాణంలో ఇంటెల్ ఆర్క్ ఏ380 కూడా చూపిస్తారు. 6 జీబీ మెమరీ, ఏవీ1 అనే కొత్త రకం వీడియోకు ఎన్‌కోడింగ్ ఉన్న మంచి కార్డే. కానీ అది సరిగ్గా పనిచేయాలంటే ప్రాసెసర్‌ను కార్డు మెమరీ మొత్తం ఒకేసారి వాడుకోనిచ్చే రీసైజబుల్ బార్ అనే సదుపాయం కావాలి. ఇంటెల్ దాన్ని అధికారికంగా 10వ తరం ప్రాసెసర్ల నుంచే సిఫారసు చేస్తుంది. మీది 8వ తరం, కాబట్టి వదిలేయండి.

కొత్త కార్డు పెట్టాక యూహెచ్‌డీ 630ని మరిచిపోకండి. బయోస్‌లో (విండోస్ రాకముందు తెరిచే మదర్‌బోర్డు సెట్టింగ్స్‌లో) ఐజీపీయూ మల్టీ మానిటర్ అనే ఆప్షన్‌ను ఆన్ చేస్తే రెండూ కలిసి పనిచేస్తాయి. కార్డు మళ్లీ ఎప్పుడైనా మొరాయిస్తే ఆ పూట పని ఆగకుండా ఉంటుంది.

కొనేటప్పుడు జీఎస్‌టీ బిల్లు అడగండి, అందులో కార్డు సీరియల్ నంబర్ ఉండాలి. వారంటీ సాధారణంగా మూడేళ్లు ఇస్తారు, కానీ బిల్లు లేకపోతే సర్వీస్ సెంటర్‌లో మాట్లాడటం కష్టం. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ మార్కెట్ సీటీసీకి వచ్చే పని ఉంటే నాలుగు షాపుల్లో రేటు అడిగి కొనండి, కార్డుల రేట్లు నిలకడగా ఉండవు.

ప్రశ్న: గుంటూరులో ఒకరు జీటీఎక్స్ 1060 6 జీబీ కార్డు 6 వేలకు ఇస్తామంటున్నారు. యూట్యూబ్ వీడియోల ఎడిటింగ్‌కు తీసుకోవచ్చా?

జవాబు: తీసుకోకండి. ఇది 2016 నాటి కార్డు, పైన చెప్పిన డ్రైవర్ల సంగతి దీనికీ వర్తిస్తుంది. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్లు ఏదో ఒక రోజు కొత్త డ్రైవర్ అడుగుతాయి, అప్పుడు ఇది పక్కకు పోతుంది. ఎన్వీడియాలో వాడిన కార్డే కావాలంటే కనీసం జీటీఎక్స్ 1650 సూపర్ నుంచి చూడండి. మామూలు 1650లో ఎక్కువ కార్డులకు పాత తరం ఎన్‌కోడర్ ఉంటుంది, సూపర్‌లో అంతకన్నా మెరుగైనది ఉంటుంది.

వాడిన కార్డు ఏదైనా డబ్బు ఇచ్చే ముందు అమ్మేవాళ్ల సిస్టమ్‌లోనే జీపీయూ-జెడ్ అనే చిన్న ప్రోగ్రామ్ తెరిచి చూడండి. పాత చిప్‌కు కొత్త పేరు అతికించిన నకిలీ కార్డయితే పేరు ముందు ‘ఫేక్’ అని చూపిస్తుంది. ఆర్‌ఎక్స్ 580 పేరుతో అమ్మేవాటిలో 2304కు బదులు 2048 షేడర్లు (చిప్‌లో లెక్కలు చేసే యూనిట్లు) ఉన్న తక్కువ రకం చాలా తిరుగుతోంది. అదీ అక్కడే తెలిసిపోతుంది. తర్వాత అరగంట సేపు లోడ్ పెట్టి, గళ్లు రాకుండా, ఫ్యాన్ శబ్దం చేయకుండా ఉందో లేదో చూడండి. అరగంట ఇవ్వడానికి ఒప్పుకోని వాళ్ల దగ్గర కొనకండి.

ప్రశ్న: పాత కార్డు పోయిందని ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ కొత్తది కొన్నాను. గేమ్స్ బాగానే నడుస్తున్నాయి. కానీ వీడియో ఎక్స్‌పోర్ట్ ముందుకన్నా నెమ్మదిగా ఉంది. కార్డులో లోపమా?

జవాబు: లోపం కాదు, ఆ కార్డు నిర్మాణమే అంత. ఆర్‌ఎక్స్ 6400, 6500 ఎక్స్‌టీ రెండింటిలోనూ వీడియో ఎన్‌కోడర్ అసలు పెట్టలేదు. అందుకే ఎక్స్‌పోర్ట్ భారమంతా ప్రాసెసర్ మీద పడుతోంది. ఎన్వీడియా జీటీ 1030లోనూ ఇదే లోటు ఉంది. పెట్టె మీద ఈ సంగతి కనబడదు, షాపులోనూ చెప్పరు. మీరు ఇంత డబ్బు పెట్టాక తెలియడం నాకూ బాధగా ఉంది.

మీది ఇంటెల్ ప్రాసెసరై, పేరు చివర ఎఫ్ అక్షరం లేకపోతే పరిష్కారం చేతిలోనే ఉంది. బయోస్‌లో లోపలి గ్రాఫిక్స్‌ను ఆన్ చేసి, ఎక్స్‌పోర్ట్‌కు క్విక్ సింక్ వాడుకోండి. ఎఫ్ ఉంటే అందులో లోపలి గ్రాఫిక్స్ ఉండదు. అప్పుడు షాపువాళ్లను రిటర్న్ గడువు ఎన్ని రోజులో ఈ రోజే అడగండి, పెట్టె, బిల్లు పారేయకండి.