ఇటుక కంటే ముందు ఈసీ

సీతమ్మధార,
విశాఖపట్నం.

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

నువ్వూ, ఋషికొండలో నీతో పనిచేసే స్నేహితులూ కలిసి విరాళాలు పోగుచేసి, పెందుర్తి వైపు స్థలం చూసి, అద్దె గదుల్లో ఉంటున్న ఆరు కుటుంబాలకు సొంత ఇళ్లు ఏర్పాటు చేయబోతున్నారని మీ నాన్న మొన్న ఫోనులో చెప్పాడు. ఆ మాట విన్న దగ్గర నుంచి మీ పెద్దమ్మ వీధిలో కనిపించిన వారందరికీ చెబుతోంది, నేనూ వద్దనడం లేదు. మన కుటుంబంలో ఇల్లు కట్టుకున్నవారు చాలామంది ఉన్నారు గాని, పరాయివారికి ఇల్లు అమర్చాలన్న బుద్ధి పుట్టింది నీకే. అయితే ఫోను పెట్టేసే ముందు మీ నాన్న, వచ్చేవారం స్థలం యజమానికి అడ్వాన్సు ఇచ్చేస్తున్నారని ఇంకో మాట కూడా అన్నాడు. సబ్ రిజిస్ట్రారు కార్యాలయం ముందు బల్ల వేసుకుని దస్తావేజులు రాస్తూ బతికినవాడిని కాబట్టి, ఆ మాట తర్వాత నాకు నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం.

నీకు తెలిసినవే అయినా కొన్ని విషయాలు ముందుగా క్లుప్తంగా చెప్పేస్తాను. విరాళాలు ఎవరి సొంత ఖాతాలోనూ పడకూడదు. ట్రస్టు రిజిస్టరు చేయించి, ఇద్దరి సంతకాలు లేనిదే డబ్బు కదలని ఖాతా తెరవండి. రెండువేల రూపాయలకు మించి నగదుగా ఇచ్చే విరాళానికి పన్ను మినహాయింపు రాదని దాతలకు ముందే చెప్పండి. చౌకగా దొరికింది కదా అని సముద్రపు ఇసుక వాడనివ్వకండి, ఈ ఊరి ఉప్పుగాలికే ఇనుప చువ్వలు తుప్పు పడుతుంటే లోపలి నుంచి కూడా ఉప్పు తోడైతే స్లాబు ఎన్నాళ్లో నిలవదు. పరవాడ వైపు ఫ్లైయాష్ ఇటుకలు దొరుకుతాయి, వాటితో కట్టవచ్చు. స్లాబు వేశాక కనీసం పది రోజులు నీరు కట్టాలి. కొండవాలులో స్థలం ఎవరైనా ఉచితంగా ఇస్తానన్నా వద్దనండి. ఇవన్నీ ఏ మంచి మేస్త్రీ అయినా చెబుతాడు. మేస్త్రీ చెప్పలేనిది నేను చెప్పాలి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మన ఊరి మీద పడినప్పుడు నువ్వు ఇంకా చదువుకుంటున్నావు. ఆ తర్వాత ఎందరో దాతలు ముందుకు వచ్చారు. వారిలో ఒక కమిటీ, ఇళ్లు కోల్పోయిన కూలీ కుటుంబాలకు ఊరి శివార్లలో స్థలం కొని వరుసగా ఇళ్లు కట్టించింది. ఆ కమిటీ పేరు చెప్పను, ఎందుకంటే అందులో ఉన్నవారంతా మంచివారే, సొంత జేబులోంచి ఖర్చు పెట్టినవారే. వారికున్న లోపమల్లా తొందర. రిజిస్ట్రేషను ఖర్చు మిగిలితే ఇంకొక గది వేయవచ్చుననుకుని, స్థలాన్ని సక్రమంగా క్రయ దస్తావేజుతో కొనకుండా, యజమాని చేత తన తరఫున వ్యవహరించే అధికారం ఇచ్చే జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ (జీపీఏ), ఒక అగ్రిమెంటు రాయించుకుని సరిపెట్టుకున్నారు. జీపీఏ అమ్మకాలతో యాజమాన్య హక్కు బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011లోనే స్పష్టంగా చెప్పింది. ఆ సంగతి వారికి చెప్పినవారు లేరో, చెప్పినా వినలేదో నాకు తెలియదు. ఇళ్లు మాత్రం చక్కగా లేచాయి. గుమ్మాలకు పసుపు రాశారు, పాలు పొంగించారు, పత్రికల్లో ఫొటోలు వచ్చాయి.

కొన్నాళ్లకు సివిల్ కోర్టు నుంచి నోటీసులు వచ్చాయి. అప్పుడు కమిటీవారు ఫైలు పట్టుకుని నా దగ్గరికి వచ్చారు. స్థలం అమ్మినాయన తండ్రి నుంచి వచ్చిన ఉమ్మడి ఆస్తిని తనదేనన్నట్టు అమ్మాడు. ఫైల్లో ఉన్న వంశవృక్షంలో పెద్దకొడుకు, చిన్నకొడుకు పేర్లు ఉన్నాయి గాని కూతురి పేరు లేదు. ఆమె వేరే జిల్లాలో అత్తవారింట ఉంది. స్థలం చేతులు మారిందని ఆమెకు తెలిసేసరికి అక్కడ ఇళ్లు వెలిశాయి, ఆమె భాగపంపిణీ దావా వేసింది. ఆడపిల్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా హక్కు ఇస్తూ మన రాష్ట్రంలో 1985 నుంచే వర్తించేలా చట్టం సవరించారు. ఆ నాటికి పెళ్లికాని కూతుళ్లకు అది వర్తించింది, ఈమె పెళ్లి ఆ తర్వాతే జరిగింది. 2005లో దేశమంతటికీ వచ్చిన సవరణ ఆ పెళ్లి నిబంధనను కూడా తీసేసింది. ఆమెను తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. తన వాటా తాను అడిగింది. తప్పు దాచిన అన్నది, అడగని కమిటీది. కొనేముందు ఒక్కరు ఆ ఇంటి వాకిట్లో నిలబడి, ఆ ఇల్లాలిని "అమ్మా, మీకు ఆడపడుచులు ఉన్నారా?" అని అడిగి ఉంటే సరిపోయేది.

చివరికి ఏమైందంటే, దావా ఏళ్ల తరబడి సాగింది. అది తేలేవరకు మ్యుటేషను, అంటే రికార్డుల్లో పేరు మార్పు, జరగలేదు, ఏ బ్యాంకూ ఆ ఇళ్ల మీద రుణం ఇవ్వలేదు. కమిటీలో కొందరు ఊరు మారారు, కొందరు పెద్దవారైపోయారు, విరాళాలు ఎప్పుడో ఆగిపోయాయి. రాజీ కుదిరే నాటికి స్థలం ధర పెరిగిపోయింది. కూతురి వాటా సొమ్ములో తమ భాగం కట్టడానికి ఆ కూలీవాళ్లు డైలీ ఫైనాన్సులో అప్పు చేశారు. కట్టలేనివారు తాళం వేసి మళ్లీ అద్దె గదులకు వెళ్లిపోయారు. దాతలు ఒకసారి ధర కట్టి ఉచితంగా ఇచ్చిన ఇంటికి పేదవారు రెండోసారి ధర చెల్లించారు. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న పెద్దలు రిజిస్ట్రేషను సంగతి కూడా ఆ సామెతలో చేర్చి ఉండవలసింది.

కాబట్టి ఆ అడ్వాన్సు ఆపు. స్థలం సర్వే నంబరు, సబ్ డివిజను నంబరు తెచ్చుకుని, అది రిజిస్ట్రేషను చట్టం 22-ఎ సెక్షను కింద ఉన్న నిషేధిత జాబితాలో ఉందో లేదో ముందు చూడు. ప్రభుత్వ భూమి, పేదలకు ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూమి (డి-పట్టా అనేది దానినే), దేవస్థానం భూమి ఆ జాబితాలో ఉంటాయి, వాటికి రిజిస్ట్రేషను జరగదు. "డి-పట్టా భూమేనండీ, అందరూ కొంటున్నారండీ" అని బ్రోకరు అంటే, అతనికి కాఫీ ఇచ్చి పంపించు. తరువాత ఈసీ, అంటే ఆ స్థలం మీద రిజిస్టరయిన లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, తీయించు. కంప్యూటరులో 1983 నుంచి వస్తుంది, అంతకు ముందువి కార్యాలయంలో పుస్తకాలు వెతికించాలి, బద్ధకించవద్దు. ఈసీలో రిజిస్టరయిన లావాదేవీలే కనిపిస్తాయి, వాటా దాచిన అక్కచెల్లెళ్లు అందులో కనిపించరు. అందుకని లింకు దస్తావేజుల, అంటే ఆ స్థలం ఒకరి నుంచి ఒకరికి వచ్చిన పాత దస్తావేజుల, అసలు ప్రతులు చూడు, జిరాక్సులు కాదు. యజమాని తండ్రి పోయి ఉంటే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం అడుగు, అందులో ఆడవాళ్ల పేర్లు ఉన్నాయా అని వేలు పెట్టి చూడు, ఉన్నవారందరి చేతా సంతకం పెట్టించు. పత్రికలో ప్రకటన వేయించు. లేఔటుకు వీఎంఆర్‌డీఏ (విశాఖ ప్రాంత అభివృద్ధి సంస్థ) అనుమతి ఉందో లేదో కనుక్కో, లేకపోతే రేపు ఇంటి ప్లానుకు అనుమతి దగ్గర మళ్లీ ఆగుతారు.

ఇంకొక ప్రశ్న, దస్తావేజు ఎవరి పేరున? ట్రస్టు పేరున కొని తర్వాత కుటుంబాలకు రాసిద్దామని మీవాళ్లు అనుకుంటున్నారట. అలా చేస్తే రిజిస్ట్రేషను ఖర్చు రెండుసార్లు పడుతుంది. ఇప్పుడు క్రయానికి స్టాంపు, బదిలీ సుంకం, రుసుము అన్నీ కలిపి వందకు ఏడున్నర రూపాయలు. యజమాని నుంచి నేరుగా ఆ కుటుంబాల పేరునే రాయించండి, సొమ్ము ట్రస్టు ఖాతా నుంచి వెళ్లిందని దస్తావేజులోనే పేర్కొనండి. పేరు ఇల్లాలిదే ఉండాలి. ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ పథకం 2015లో మొదలైనప్పటి నుంచీ పేద కుటుంబాల ఇల్లు ఆడవారి పేరునైనా, వారిని కలుపుకొని అయినా ఉండాలన్నది నియమం. ప్రభుత్వ సాయం కూడా తీసుకోదలిస్తే, ఆ కుటుంబంలో ఎవరి పేరునా దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు ఉండకూడదు, అదీ ముందే విచారించండి.

ప్రభుత్వ నియమం లేకపోయినా నేను ఇదే చెప్పేవాడిని. మీ నాయనమ్మ పాతపోస్టాఫీసు దగ్గర అద్దె ఇంట్లో ఎన్ని సంవత్సరాలు నెట్టుకొచ్చిందో నీకు తెలియదు. గోడకు మేకు కొట్టనిచ్చేవారు కాదు. మా ఇంట్లో క్యాలెండరు కిటికీ ఊచకు వేలాడేది. చివరకు రెండు గదుల ఇల్లు కొన్నప్పుడు, మా నాన్న ఎందుకనుకున్నాడో గాని, దానిని అమ్మ పేరున రాయించాడు. తరువాత ఒక స్నేహితుడి అప్పుకు హామీ సంతకం పెట్టి ఆయన నిండా మునిగాడు. దుకాణం పోయింది, సైకిలు కూడా పోయింది. అప్పులవాళ్లు ఇంటి మీదికి వచ్చినప్పుడు అమ్మ పెట్టెలోంచి దస్తావేజు తీసి, తన పేరు ఉన్నచోట వేలు పెట్టి చూపించింది. ఆమెకు చదువు రాదు, తన పేరు ఎక్కడ ఉందో మాత్రం తెలుసు. మీ నాన్నా, నేనూ ఆ ఇంట్లోనే చదువుకున్నాము. నేను ఈ వృత్తిలోకి రావడానికి కారణం అదేనని ఇప్పుడు అనిపిస్తుంది.

దాతల్లో కొందరు, ఇరవై ఏళ్లు అమ్మకూడదని దస్తావేజులోనే షరతు పెట్టమంటున్నారట. వారి భయం న్యాయమైనదే గాని, కొన్నవారు అసలు అమ్ముకోనే కూడదన్న షరతు ఆస్తి బదిలీ చట్టం ప్రకారం చెల్లదు. దానికి బదులు, ఇంటి ఖర్చులో కుటుంబం భరించవలసిన భాగాన్ని వడ్డీలేని అప్పుగా ఇచ్చి, ట్రస్టు పేరున తనఖా రిజిస్టరు చేయించండి. ఆ తనఖా ఈసీలో కనిపిస్తుంది కాబట్టి, అప్పు తీరేలోగా ఎవరూ ఆ ఇంటిని తేలిగ్గా కాజేయలేరు. తీరిన మరునాడే తనఖా విడుదల కూడా రిజిస్టరు చేయించాలి. చాలామంది అక్కడ అశ్రద్ధ చేసి పిల్లల కాలానికి చిక్కులు మిగులుస్తారు.

కుటుంబాల చేత డబ్బు కట్టించడమేమిటని నీకు అనిపించవచ్చు. ఇది నా సొంత ఊహ కాదు. 1976లో అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో ఫుల్లర్ దంపతులు స్థాపించిన హ్యాబిటాట్ ఫర్ హ్యుమానిటీ అనే సంస్థ ఇదే పద్ధతిలో నడిచింది. లాభం వేసుకోకుండా ఇల్లు ఇస్తారు, కుటుంబం తన శ్రమను కలుపుతుంది, నెలనెలా కట్టిన సొమ్ముతో ఇంకొక కుటుంబానికి ఇల్లు లేస్తుంది. మన దేశంలో వారి పని 1983లో ఖమ్మంలోనే మొదలైంది. మీరు కూడా ఆ సొమ్మును తిప్పగలిగితే ఆరు ఇళ్లతో ఆగరు. అయితే నెల వాయిదా వారు ఇప్పుడు కడుతున్న అద్దెను మించకూడదు. ఒక నెల తప్పితే ఇంటి ముందుకు వెళ్లి కూర్చోకూడదు. సూక్ష్మ రుణ సంస్థల వసూళ్ల బాధ జనం పడలేకపోతే 2010 అక్టోబరులో మన ప్రభుత్వం ప్రత్యేకంగా ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. ఆ రోజుల్లో నా బల్ల దగ్గరకు వచ్చి ఉన్న కాస్త స్థలం అమ్ముకున్న ఆడవాళ్ల ముఖాలు నేను మరువలేదు.

ఇప్పుడు కొంచెం కోప్పడతాను, ఏమీ అనుకోకు. ఆ ఆరు కుటుంబాల పిల్లలను వాళ్ల అద్దె గదుల ముందు నిలబెట్టి ఫొటోలు తీసి దాతలకు పంపారని విన్నాను. పైగా వచ్చే ఉగాదికి గృహప్రవేశమని వాళ్లకు మాట కూడా ఇచ్చేశారట. స్థలమే చేతికి రాలేదు, గృహప్రవేశం ఎక్కడిదమ్మా? వారికి ఆశ పెట్టడం నీకు తేలిక, ఆ ఆశ మీద ఆధారపడి ఇప్పుడున్న గది ఖాళీ చేస్తామని యజమానికి చెప్పేస్తే వాళ్లు ఎక్కడికి పోతారు? రేపే వెళ్లి, కాగితాలు తేలేవరకు ఎవరూ గది ఖాళీ చేయవద్దని చెప్పు. ముహూర్తం వాళ్లే పెట్టుకుంటారు, మూఢమంటారు, ఆషాఢమంటారు, వాళ్ల ఇష్టం. ముఖ్య అతిథికి వీలైన రోజు చూసి పాలు పొంగించకండి.

శని, ఆదివారాలు మీ కుర్రాళ్లు వచ్చి ఇటుకలు మోస్తామంటే మోయనివ్వు, స్లాబుకు నీళ్లు పట్టనివ్వు. గోడ మాత్రం మేస్త్రీ చేతనే కట్టించు. వారిలో నెమ్మదస్తులు ఒకరిద్దరిని ఏరి నా దగ్గరకు పంపు. ఈసీ చదవడం, లింకు దస్తావేజులు వరుసగా పేర్చుకోవడం నేర్పుతాను. ఇటుకలు మోసేవారు మీకు చాలామంది దొరుకుతారు, ఆ పని చేసేవారు దొరకరు.

ఈ ఆదివారం మధ్యాహ్నం భోజనానికి రా, మీ పెద్దమ్మ పనసపొట్టు కూర చేస్తానంటోంది. వచ్చేటప్పుడు స్థలం యజమాని ఇచ్చిన కాగితాలన్నీ తీసుకురా. ఆయనకు అక్కచెల్లెళ్లు ఎందరో, ఎక్కడెక్కడ ఉన్నారో ముందే అడిగి రాసుకురా. నా వంతు విరాళం చెక్కు రాసి సిద్ధంగా ఉంచాను, తేదీ మాత్రం ఆ ఈసీ చూశాక వేస్తాను.

ఇట్లు,
మీ పెదనాన్న