విశాఖ నుంచి గోవా సెరెండిపిటీ ఆర్ట్స్ ఫెస్టివల్‌కు వెళ్లడం దండగా?

ప్రయోగాత్మక సంగీతంతో (అంటే రాగం, పాట కాకుండా శబ్దాన్నే వినిపించే సంగీతంతో) ఏమాత్రం పరిచయం లేనివారు దాని కోసమే విశాఖ నుంచి పణజి దాకా వెళ్లవచ్చా, వెళ్తే అర్థమవుతుందా అని మీరు అడిగారు. విశాఖ కళాభారతి ఆడిటోరియంలో కర్ణాటక కచేరీలు వింటూ పెరిగిన నేను 2019 డిసెంబరులో సరిగ్గా ఇదే అనుమానంతో వెళ్లాను. నిశ్చింతగా వెళ్లండి, కానీ అన్నీ చూసేయాలన్న ఆత్రంతో మాత్రం వెళ్లకండి.

2016లో మొదలైన ఈ ఉత్సవం ఏటా డిసెంబరు మధ్యలో జరుగుతుంది. సంగీతం, నాటకం, నృత్యం, దృశ్యకళలు, హస్తకళలు, చివరికి వంట కూడా ఇందులో భాగమే. ప్రవేశం ఉచితమే అయినా, ముందుగా పేరు నమోదు చేసుకోవాలి. మొదటి రోజు నేను పదకొండు ప్రదర్శనలు చుట్టేసి, సాయంత్రానికి ఒక్కటీ గుర్తులేక, కాళ్లనొప్పులతో బసకు చేరాను.

రెండో రోజు పాత మెడికల్ కాలేజీ భవనంలో ఒక చీకటి గదిలోకి వెళ్లాను. నలువైపులా స్పీకర్లు, వాటి నుంచి ఎడతెగని ఒకే ఒక్క గుంయ్‌మనే శబ్దం. నాలుగు నిమిషాలకే విసుగెత్తి వచ్చేస్తుంటే, గుమ్మం దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న సెక్యూరిటీ ఆయన హిందీలో, "గోడ పక్కన నిలబడితే ఏమీ తెలియదు, మధ్యలో కూర్చోండి" అన్నాడు. పొద్దుటి నుంచి దాన్ని వింటున్న మనిషి కదా అని వెనక్కి వెళ్లి నేల మీద చతికిలబడ్డాను. పావుగంట గడిచాక, ఒకటే అనుకున్న ఆ శబ్దంలో దగ్గరదగ్గరగా రెండు శ్రుతులున్నాయనీ, ఆ కాస్త తేడా వల్లే గదిలో ఒక ఊగిసలాట పుడుతోందనీ చెవికి అందింది. తల కొంచెం పక్కకు తిప్పితే చాలు, అది మారిపోయేది. తంబురా శ్రుతి చేసేటప్పుడు రెండు తీగలు కలవబోయే ముందు వినిపించేది ఇదే. కచేరీలో దాన్ని పోగొట్టడానికి తంటాలు పడతారు, ఇక్కడ పనిగట్టుకుని దాన్నే వినిపించారు. తిరిగొచ్చాక ఒక తెల్లవారుజామున మన ఫిషింగ్ హార్బరులో, పక్కపక్కన ఆగిన రెండు మరపడవల ఇంజన్లలోనూ అదే ఊగిసలాట విన్నాను.

ఇదంతా పడమటి సరుకని మా మిత్రులు కొట్టిపారేస్తుంటారు గానీ, ఆ మాట సగమే నిజం. పియానో ముందు కూర్చుని ఒక్క స్వరమూ వాయించని 4 నిమిషాల 33 సెకన్ల రచనను 1952లో వెలువరించిన అమెరికన్ స్వరకర్త జాన్ కేజ్, అంతకు ఆరేళ్ల ముందు అహ్మదాబాద్‌కు చెందిన సంగీతకారిణి గీతా సారాభాయ్ దగ్గర భారతీయ సంగీతం గురించి తెలుసుకున్నాడు. ఆ రచనను తొలిసారి వేదిక మీద ప్రదర్శించిన పియానో వాద్యకారుడు డేవిడ్ ట్యూడరే 1969లో అహ్మదాబాద్ జాతీయ డిజైన్ సంస్థలో మూగ్ సింథసైజర్‌తో (విద్యుత్తుతో శబ్దాలు పుట్టించే వాద్యంతో) ఎలక్ట్రానిక్ సంగీత స్టూడియో నెలకొల్పడానికి తోడ్పడ్డాడు.

ప్రయాణానికి నేను అమరావతి ఎక్స్‌ప్రెస్‌లో మడగావ్ దాకా వెళ్లి, అక్కడి నుంచి పణజికి బస్సెక్కాను. డిసెంబరులో గోవాకు రద్దీ ఎక్కువ కనుక టికెట్లు, గది చాలా ముందుగానే తీసుకోండి. ధ్వనికి సంబంధించిన ప్రదర్శనలను మాత్రం తలుపులు తీయగానే చూసేయండి. మధ్యాహ్నానికి జనం మాటల సందడి మొదలైతే, గది మధ్యలో కూర్చున్నా ఆ ఊగిసలాట వినిపించదు.