హెచ్‌ఓ స్టార్టర్ సెట్‌తో ఇంట్లో అరకు లైను చేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

బాబు పుట్టినరోజుకి వచ్చిన హెచ్‌ఓ సైజు బొమ్మ రైలు సెట్ గుండ్రంగా తిరిగి తిరిగి అందరికీ విసుగొచ్చింది, దాన్నే అరకు దారిలా మార్చాలని ఉంది, ఉండేది డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటు, ఎలా మొదలుపెట్టాలి అని అడిగారు. మా ఇంట్లో ఉన్నది కూడా అరకు లైనే. ఇంకా పూర్తి కాలేదు, అయ్యే ఆలోచన కూడా లేదు. నాకు పనికొచ్చినవి చెబుతాను, మీకు నచ్చినవి తీసుకోండి.

మొదట స్టేషను తేల్చుకోండి. అరకు మీదుగా పోయే కొత్తవలస–కిరండూల్ లైనులో 58 సొరంగాలున్నాయి. మన ప్లైవుడ్ ముక్క మీద ఒక సొరంగం, ఒక చిన్న వంతెన, ఒక స్టేషను పడితే చాలు. త్యాడా, చిమిడిపల్లి, బొర్రా గుహలు, కరకవలస, శిమిలిగుడ, అరకు... వీటిలో ఏదో ఒకటి అనుకోండి. నా ఓటు శిమిలిగుడకి. ఒకప్పుడు దేశంలో బ్రాడ్‌గేజ్ మీద అన్నిటికంటే ఎత్తున ఉన్న స్టేషన్‌గా పేరున్నది, సముద్ర మట్టానికి 996 మీటర్లు. పసుపు బోర్డు మీద నల్ల అక్షరాలతో తెలుగు, హిందీ, ఇంగ్లీషు పేర్లు, కింద ఆ ఎత్తు. ఈ ఒక్క బోర్డు పెడితే మన రైలు తెలియని చుట్టాలు కూడా "ఓహో, అరకా!" అంటారు. ఎంత ఖరీదైన ఇంజన్ కొన్నా ఆ పని చేయదు.

కొండ దారి ఎంచుకోవడం మీ అదృష్టం కూడా. హెచ్‌ఓ అంటే అసలుకి 87వ వంతు. నాకు తెలిసినవాళ్లలో చాలామంది ముందు రాజమండ్రి గోదావరి వంతెన అంటారు. 1997లో వచ్చిన ఆ ఆర్చి వంతెనకి 28 ఆర్చిలు. ఒక్కొక్కటి దాదాపు 97 మీటర్లు, అంటే హెచ్‌ఓలో ఒక్క ఆర్చే మీటరు దాటుతుంది. మొత్తం చేయాలంటే 30 మీటర్ల పైన చోటు కావాలి. అందుకని రెండు ఆర్చిలు చేసి సరిపెట్టుకుంటారు, గోదావరి కాస్తా పంట కాలువ అయిపోతుంది. కొండల్లో ఆ బాధ లేదు. రైలు సొరంగంలోకి దూరి కనబడకుండా పోతే, చూసేవాళ్లే మిగతా దూరాన్ని ఊహించుకుంటారు.

ఇక చోటు సంగతి. మీ సెట్‌లోని వంపు పట్టా వ్యాసార్ధం ఎంతో చూడండి. బ్రిటన్ కంపెనీ హార్న్‌బీ పట్టాల్లో చిన్న వంపు 371 మిల్లీమీటర్లు, దాని పైది 438. అమెరికా సెట్లు ఎక్కువగా 18 అంగుళాలు, అంటే 457. దానికి రెట్టింపు వేసి, రెండు పక్కలా ఏడెనిమిది సెంటీమీటర్లు వదిలితే బల్ల వెడల్పు వస్తుంది. 371 వంపుకి 3 అడుగులు సరిపోతుంది, 18 అంగుళాలదైతే మూడున్నర అడుగులైనా కావాలి, 4 అయితే హాయి. అందరూ 8×4 షీటు అనడానికి కారణం ఇదే. ఫ్లాటులో అంత బల్ల వేస్తే ఇక ఆ గది రైలుదే. 371 వంపు అయితే 3×6 అడుగుల బల్ల చాలు. దాన్ని 3×3 ముక్కలు రెండుగా చేయించి బోల్టులతో బిగించుకోండి. పని అయ్యాక విప్పి మంచం కింద పెట్టేయొచ్చు. ఒకే షరతు: రెండు ముక్కలు కలిసే చోట పట్టాలు తిన్నగా దాటాలి, అక్కడ వంపు గానీ పాయింటు (రైలు ఒక పట్టా నుంచి ఇంకో పట్టాకి మారే చోటు) గానీ రాకూడదు. వడ్రంగి "18 ఎం.ఎం. వేద్దాం సార్, గట్టిగా ఉంటుంది" అంటాడు. మనం చేయించేది బీరువా కాదు. కింద రీపర్ల చట్రం, పైన 9 ఎం.ఎం. ప్లై చాలు, ఒక్కరే ఎత్తగలిగేట్టు ఉండాలి.

ఘాట్ రోడ్డులా రైలు పైకి ఎక్కాలని బాబు అడుగుతాడు, అందరి పిల్లలూ అడుగుతారు. లెక్క వేసి చూపించండి. ఒక పట్టా మీదుగా ఇంకో పట్టా దాటాలంటే కనీసం 75 మిల్లీమీటర్ల ఎత్తు రావాలి. నూటికి రెండు చొప్పున ఎక్కిస్తే ఆ ఎత్తు రావడానికే పావు తక్కువ నాలుగు మీటర్లు పడుతుంది, దిగడానికి మళ్లీ అంతే. ఆరడుగుల బల్ల మీద ఇది జరిగే పని కాదు. వాలు పెంచితే స్టార్టర్ సెట్ ఇంజన్ చక్రాలు జారి అక్కడే తిరుగుతాయి. అందుకే పట్టాలు మాత్రం సమంగా ఉంచి నేలని మార్చండి. పట్టాకి ఒక పక్క కొండ లేపండి, ఇంకో పక్క ప్లైని కోసి రీపర్ల దాకా లోయ దింపండి. లోయ మీద చిన్న వంతెన పడగానే రైలు చాలా ఎత్తున పోతున్నట్టు కనిపిస్తుంది. నిజం లైను మీద కిటికీ పక్కన కూర్చుంటే కనబడేది కూడా అదే కదా, ఒకవైపు రాతి గోడ, ఇంకోవైపు లోయ.

సొరంగం దగ్గర తొందర పడకండి. వంపులో రైలు పెట్టె మధ్యభాగం లోపలికి, కొసలు బయటికి వస్తాయి. అట్టతో సొరంగం ముఖం కోసి నిలబెట్టి, మీ దగ్గరున్న అన్నిటికంటే పొడవైన పెట్టెని చేత్తో నెమ్మదిగా తోసి చూడండి. ఎక్కడా రాసుకోకపోతే అప్పుడు ప్లాస్టర్ పని. సొరంగం వెనకవైపు తెరిచే ఉంచండి, చెయ్యి పట్టేంత. రైలు పట్టాలు తప్పితే సొరంగంలోనే తప్పుతుంది, ఇది రాసిపెట్టుకోండి.

కొండకి థర్మకోల్ చవక గానీ కోస్తుంటే ఇల్లంతా తెల్ల గింజలు ఎగురుతాయి. మేడ మీద వేడి తగలకుండా పరిచే ఎక్స్‌పీఎస్ అనే గట్టి ఫోమ్ దొరికితే అది మేలు, బ్లేడుతో రాయి చెక్కినట్టు చెక్కుకోవచ్చు. రెండిటికీ ఫెవికాల్ లాంటి నీళ్ల జిగురే వాడాలి. చెప్పులకి వాడే రబ్బరు జిగురు, స్ప్రే పెయింటు తగిలితే కొండ కరిగి గుంట పడుతుంది. పైన దెబ్బలకి కట్టు కట్టే గాజు గుడ్డ ముక్కలు పీఓపీలో ముంచి పరిస్తే రాతి చర్మం వచ్చేస్తుంది.

నాకు అన్నిటికంటే ఇష్టమైన పని ఇక్కడ మొదలవుతుంది. విదేశాల నుంచి వచ్చే గడ్డి పొడులు, చెట్లు బాగుంటాయి గానీ అవన్నీ యూరప్ పచ్చదనం. జర్మనీ కొండలో శిమిలిగుడ బోర్డు పెట్టినట్టుంటుంది. మన్ను మనదే కావాలి. అరకు దారిలో కనిపించే ఎర్రమట్టి గుప్పెడు తెచ్చుకోండి, మీ ఊరి ఎర్రమట్టి అయినా ఫర్వాలేదు. మూకుట్లో పది నిమిషాలు వేయించండి, పురుగూ బూజూ ఉండవు. చల్లారాక వస్త్రగాలితం పట్టండి. పలచటి ఫెవికాల్ రాసిన నేల మీద టీ జల్లెడతో చల్లితే చాలు. ఎండాక చూస్తే రంగు ఒక పిసరు ముదురుతుంది, అందుకే మొదట మూలన చల్లి చూడండి.

కంకరకి ఇసుక వాడేవాళ్లు ఒకటి గమనించాలి. విశాఖ, భీమిలి తీరాల ఇసుకలో నల్లటి ఖనిజాలు ఎక్కువ, వాటిలో అయస్కాంతానికి అంటుకునేవి ఉంటాయి. ఆ రేణువులు ఇంజన్ మోటారులోకి చేరితే పని అయిపోయినట్టే. ఏ ఇసుకైనా కాగితం మీద పరిచి అయస్కాంతంతో ఒకసారి తిప్పండి. ఎంత నల్లపొడి అంటుకుంటుందో చూస్తే ఆశ్చర్యపోతారు. కంకర పరిచాక సబ్బు నీళ్లు పిచికారీ చేసి, సగం నీళ్లు కలిపిన ఫెవికాల్‌ని సూది తీసిన సిరంజితో చుక్క చుక్కగా వేయండి. పాయింట్ల కదిలే భాగాలకి మాత్రం జిగురు తగలనివ్వొద్దు.

చెట్లకి కొబ్బరి చీపురు పుల్లలు, గిన్నెలు తోమే పచ్చ స్క్రబ్బర్, కొబ్బరి పీచు చాలు. అనంతగిరి దగ్గర కాఫీ తోటల్లో నీడ కోసం పెంచే సిల్వర్ ఓక్ చెట్లు నిటారుగా ఉంటాయి, వాటికి చీపురు పుల్ల అచ్చంగా సరిపోతుంది. పుల్ల మొదలు దగ్గర మిరియాల తీగ చుట్టినట్టు పచ్చ దారం చుట్టండి. చలికాలం సీను అనుకుంటే పసుపుపచ్చటి వలిసె పూల పొలం తప్పదు. బొమ్మల కొలువులో వాడే రంగుల రంపపు పొట్టే దీనికీ పనికొస్తుంది. ఇంట్లో పసుపు ఉంది కదా అని అది కలపొద్దు, వెలుతురుకి వెలిసిపోతుంది. పసుపుపచ్చ అక్రిలిక్ రంగు కలిపి ఆరబెట్టుకోండి. కొలువులోని కొండపల్లి బొమ్మల్ని ప్లాట్‌ఫారం మీద నిలబెట్టాలని ఇంట్లో ఎవరైనా సరదా పడతారు. హెచ్‌ఓలో మనిషి ఎత్తు 2 సెంటీమీటర్లు. కొండపల్లి పాలమ్మి స్టేషను కంటే పొడుగవుతుంది!

రైలు విషయానికొస్తే, మన ఇంజన్ల హెచ్‌ఓ మోడళ్లు దుకాణంలో అడిగితే దొరికే వస్తువులు కావు. దీనికి ఒక దగ్గరి దారి ఉంది. ఈ లైనుకి కరెంటు వచ్చింది 1980ల మొదట్లో. అంతకుముందు డీజిల్ ఇంజన్లే. అప్పటి డబ్ల్యూడీఎం-2 రకం ఇంజన్ డిజైను అమెరికాలోని ఆల్కో కంపెనీది. మీ సెట్‌లో అమెరికా డీజిల్ ఇంజన్ ఉంటే, సీను 1970లకి జరిపి రంగు మార్చేయండి. పోలిక కుదురుతుంది, కరెంటు స్తంభాల పనీ తప్పుతుంది. పెట్టెలకి అప్పటి మెరూన్ రంగు వేయండి. అసలు పెట్టె పొడవు 22 మీటర్ల చిల్లర, హెచ్‌ఓలో పాతిక సెంటీమీటర్లు. 371 వంపులో అంత పొడుగు పెట్టె అసహ్యంగా కనిపిస్తుంది, కాబట్టి పొట్టి పెట్టెలు మూడు చాలు. పక్కభాగాలు కంప్యూటర్‌లో గీసి స్టిక్కర్ షీటు మీద ప్రింట్ తీసి, సెట్‌లోని పెట్టెకే అంటించేయొచ్చు. బాబుకి 2017లో వచ్చిన అద్దాల విస్టాడోమ్ పెట్టే కావాలంటే మాత్రం స్తంభాలు తప్పవు. తీగలు లాగొద్దు, ఊరికే తెగుతుంటాయి. తిన్నటి దారిలో స్తంభాల మధ్య 70 మీటర్ల దాకా ఉంటుంది, అంటే మనకి 80 సెంటీమీటర్లు. వంపుల్లో దగ్గర దగ్గరగా ఉంటాయి కాబట్టి 40కి ఒకటి నాటండి.

ఈ లైను వేసిందే బైలదిల్లా ఇనుప ఖనిజం విశాఖ రేవుకి చేర్చడానికి. అందుకని ఒక గూడ్స్ ఉండాల్సిందే. వ్యాగన్లలో ఖనిజాన్ని అంచు దాకా నింపకండి. ఖనిజం బరువెక్కువ, సగం నింపేసరికే వ్యాగన్ మోయగల బరువు అయిపోతుంది. అడుగున ఫోమ్ ముక్క పెట్టి, దాని మీద ముదురు ఎరుపు మట్టి చిన్న కుప్పలుగా అంటించండి. ఆ మట్టే పొడి కుంచెతో స్లీపర్ల మీద, వ్యాగన్ల పక్కల మీద రుద్దితే కొత్త ప్లాస్టిక్ మెరుపు పోతుంది. ఈ పని పిల్లలకి వదిలేయండి, మనకంటే బాగా చేస్తారు.

కరెంటు గురించి పెద్దగా లేదు. మామూలు 12 వోల్టుల డీసీ కంట్రోలరే వాడండి, ఒక్క రైలుకి డిజిటల్ అక్కర్లేదు. పట్టాల జాయింట్ల మీద భరోసా పెట్టుకోకుండా మూడడుగులకి ఒకచోట వైరు సోల్డర్ చేయండి. రైలు ఆగి ఆగి నడుస్తుంటే మొదట పట్టాల మీద దుమ్ము చూడండి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో తుడిస్తే మళ్లీ పరుగెడుతుంది. బల్ల ఫ్యాను కింద ఉంటే ఈ తుడుపు వారం వారం ఉంటుంది.

పుణే వైపు వెళ్తే కోత్రూడ్‌లోని జోషీ మినియేచర్ రైల్వే మ్యూజియం బాబుకి చూపించండి. అక్కడ పాయింట్లు, సిగ్నళ్లు కలిసి ఎలా పని చేస్తాయో దగ్గర నుంచి కనిపిస్తుంది.

రెండు సంగతులు మీరు చెబితే పట్టాల ప్లాను గీసి పెడతాను. మీ సెట్ ఏ కంపెనీది? ఒకరి పట్టాలు ఇంకొకరివాటికి అన్నిసార్లూ అతకవు. రెండోది, మంచం కింద ఖాళీ ఎంత ఎత్తుంది? 20 సెంటీమీటర్ల లోపైతే కొండని ఊడదీసి పక్కన పెట్టుకునేలా వేరే ముక్కగా చేయాలి, ఆ మాట వడ్రంగి పని మొదలుపెట్టకముందే తేలాలి.