వేళ్లు మడిచి లెక్కపెడుతుంటే తిట్టకండి

ప్రశ్న: మేడం, మా బాబు మూడో తరగతి, ప్రైవేటు ఇంగ్లిష్ మీడియం స్కూలు. కథ చెబితే పొల్లుపోకుండా మళ్లీ చెబుతాడు. చిక్కంతా లెక్కల దగ్గరే. 8, 5 కలపమంటే ఇప్పటికీ ఒకటి నుంచి వేళ్లు మడుచుకుంటూ వస్తాడు. వాళ్ల తాతయ్య రోజూ సాయంత్రం కూర్చోబెట్టి ఐదో ఎక్కం దాకా కంఠతా పట్టించారు. గడగడా అప్పజెబుతాడు గానీ, నాలుగు మూళ్లెంతరా అంటే మళ్లీ నాలుగొకట్ల నాలుగు దగ్గర్నుంచి ఎత్తుకోవాలి. మొన్న పరీక్షలో 42లోంచి 17 తీసేయమంటే 35 అని రాశాడు. టీచర్ పక్కన ‘కేర్‌లెస్’ అని రాసి పంపారు. పేపర్ ఫొటో జత చేస్తున్నాను. ట్యూషన్‌లో చేర్పిస్తే అక్కడ స్కేలుతో కొడుతున్నారని వెళ్లనంటున్నాడు. అబాకస్‌లో వేయమని చుట్టాలంతా అంటున్నారు. వేయమంటారా?
— ఒక అమ్మ, తణుకు

జవాబు: అమ్మా, ముందు ఆ ట్యూషన్ మాన్పించండి. మిగతాదంతా తర్వాత మాట్లాడుకుందాం. దెబ్బకు భయపడే పిల్లాడికి తెలిసిన అంకె కూడా గుర్తుకు రాదు.

మీరు పంపిన పేపర్‌ను జాగ్రత్తగా చూశాను. 42 కింద 17. జవాబు 35. దాని కిందే 63లోంచి 28 ఉంది, దానికి 45 అని రాశాడు. రెండూ ఒకే తీరు తప్పులు. రెండులోంచి ఏడు పోదు కాబట్టి ఏడులోంచి రెండు తీసి ఐదు వేశాడు. మూడులోంచి ఎనిమిది పోదు కాబట్టి ఎనిమిదిలోంచి మూడు తీసి ఐదు వేశాడు. అజాగ్రత్తగా చేసే పిల్లాడు ఒక్కోచోట ఒక్కో రకంగా తప్పుతాడు. మీవాడు పేపరంతా ఒకే నియమం పాటించాడు. పైగా ఆ నియమం వాడి సొంతం కాదు, మనం నేర్పిందే. ‘పెద్దదాంట్లోంచి చిన్నది తీసేయాలి’ అని ఒకటో తరగతి నుంచీ చెబుతూ వచ్చాం కదా. వాడు దాన్ని నిలువు వరుసలకు కూడా వర్తింపజేశాడు. వాడి దృష్టిలో 42 అంటే నాలుగు అనే అంకె, పక్కన రెండు అనే అంకె. నాలుగు పదులు, మీద రెండు అన్న సంగతి ఇంకా కుదరలేదు. అది కుదిరేదాకా ‘పక్కనుంచి అప్పు తెచ్చుకో’ అని ఎన్నిసార్లు చెప్పినా వాడికది అర్థం లేని తంతే.

అందుకని మూడో తరగతి పుస్తకం కొన్నాళ్లు పక్కన పెట్టి, వాడు ఎక్కడ ఆగాడో చూడండి. ఓ ఐదు చింతగింజలు నేల మీద చల్లి వెంటనే చెయ్యి అడ్డం పెట్టి ఎన్నో అడగండి. తర్వాత మూడుతో, నాలుగుతో. మూడూ నాలుగూ మనలో చాలామందికి లెక్కపెట్టకుండానే కంటికి తెలిసిపోతాయి. మూడుకి కూడా వేలు పెట్టి ఒకటీ, రెండూ అంటుంటే అక్కణ్నుంచే మొదలుపెట్టాలి. పాచిక మీద చుక్కల్లా గింజలు పేర్చి చూపిస్తే ఆ ఆకారాలు మెల్లగా పట్టుబడతాయి.

8, 5 సంగతి. మన బళ్లలో టీచర్లు ‘పెద్దది మనసులో, చిన్నది చేతిలో’ అంటుంటారు. ఎనిమిది మనసులో పెట్టుకుని తొమ్మిది, పది అంటూ ఐదు వేళ్లు తెరవడం. ఇది మంచి పద్ధతే, కానీ ఎనిమిదిని మనసులో పెట్టుకోవడమే మీవాడికి కష్టం. లెక్కపెట్టందే ఎనిమిది ఉందని వాడికి నమ్మకం లేదు. ఎనిమిది గింజలు వాడి చేతే లెక్కపెట్టించి వాటి మీద గిన్నె బోర్లించండి. గిన్నె మీద ‘8’ అని రాసిన చీటీ అంటించండి. పక్కన బయట ఐదు గింజలు పెట్టి మొత్తం ఎన్నో చెప్పమనండి. మొదట్లో గిన్నె ఎత్తి చూస్తానంటాడు, చూడనివ్వండి. ఎత్తిన ప్రతిసారీ లోపల ఎనిమిదే ఉంటాయి. కొన్నాళ్లకు ఎత్తడం మానేసి, గిన్నె మీద చెయ్యి వేసి ‘ఎనిమిది’ అని, బయటి గింజల మీద వేలు జరుపుతూ తొమ్మిది, పది, పదకొండు అంటాడు. వాడు ఆ పని చేసిన రోజున నాకో ఉత్తరం రాయండి. మీవాడి లెక్కల్లో నాకు ముఖ్యం అనిపించే మలుపు అదే.

వేళ్లు వాడితే మొద్దబ్బాయి అవుతాడని మీ ఇంట్లో ఎవరైనా అంటే వినకండి. వేళ్లు వాడనివ్వండి. ఒక్క సంగతి మాత్రం తాతయ్యగారికి చెప్పండి. పెద్దవాళ్లు బొటనవేలితో వేళ్ల కణుపులు తాకుతూ లెక్కపెడతారు. వేలికి మూడు కణుపుల చొప్పున నాలుగు వేళ్లకు పన్నెండు వస్తాయి. మనకది హాయిగా ఉంటుంది గానీ, ఈ బాబుకు ఇప్పుడు కావలసింది ఐదు, పది. చెయ్యంతా తెరిస్తే ఐదు, రెండు చేతులూ తెరిస్తే పది అని కంటికి కనబడాలి. ఆరు అంటే ఒక చెయ్యీ ఇంకో వేలూ, ఎనిమిది అంటే ఒక చెయ్యీ ఇంకో మూడు వేళ్లూ. ఏడు వేళ్లు చూపించి ‘పదికి ఇంకా ఎన్ని?’ అని అడగండి. మడిచిన వేళ్లే జవాబు చెబుతాయి. కలిపితే పది అయ్యే జతలు (9–1, 8–2, 7–3, 6–4, 5–5) పట్టుబడ్డ పిల్లలకు తర్వాత వచ్చే కూడికలన్నీ తేలికవుతాయి. ఎనిమిదికి ఐదు కలపాలంటే ఐదులోంచి రెండు ఇచ్చి పది చేసేస్తే మిగిలింది మూడు, పదమూడు.

ఈ పదమూడు దగ్గర ఇంకో మాట. ఇంగ్లిష్‌లో థర్టీన్, థర్టీ వినడానికి ఒకేలా ఉంటాయి, పైగా థర్టీన్‌లో మూడు ముందు పలుకుతుంది, రాసేటప్పుడు ఒకటి ముందు వస్తుంది. 13ని 31 అని రాసే పిల్లల్ని చాలామందిని చూశాను. తెలుగులో పదమూడు అంటే పదే ముందు, ఇరవై మూడు అంటే ఇరవయ్యే ముందు. చెప్పే వరుస, రాసే వరుస ఒకటే. ఇంగ్లిష్ మీడియం అయితే ఏం, ఇంట్లో తెలుగులోనే లెక్కపెట్టించండి. పదకొండు, పన్నెండు దగ్గర తడబడినా, ఇరవై దాటాక తెలుగు వాడికి ఎంతో సాయం చేస్తుంది.

ఇక తీసివేత. చీపురుపుల్లలు సమానంగా విరిచి, పదేసి చొప్పున రబ్బరు బ్యాండు వేసి కట్టలు చేయండి. కట్టలు వాడే కట్టాలి, మీరు కట్టి ఇవ్వకండి. నలభై రెండు అంటే నాలుగు కట్టలు, రెండు విడి పుల్లలు. పదిహేడు ఇమ్మనండి. ఒక కట్ట ఇచ్చేస్తాడు. ఏడు విడి పుల్లలు కావాలి, ఉన్నవి రెండే. కాసేపు చూస్తాడు. మీరేం చెప్పకండి. ఏదో ఒక సాయంత్రం తనంతట తానే ఒక కట్ట రబ్బరు తీసేస్తాడు. అప్పు తెచ్చుకోవడం అంటే అదే. మిగిలింది రెండు కట్టలు, ఐదు పుల్లలు. ఇది నిలిచాక పది రూపాయల నోట్లు, రూపాయి బిళ్లలకు మారండి. ముందే డబ్బుతో మొదలుపెట్టవద్దని ఎందుకంటున్నానంటే, కట్ట విప్పితే పది కనిపిస్తాయి, నోటులో కనిపించవు. డబ్బుతో ఆడేటప్పుడు మీవాడు ‘రెండు నోట్లు తీసుకో, మూడు రూపాయలు చిల్లర ఇవ్వు’ అన్నాడనుకోండి, తప్పనకండి. ఇరవై ఇచ్చి మూడు వెనక్కి తీసుకున్నా మిగిలేది ఇరవై ఐదే. పచారీ కొట్లో మనమంతా చేసేది అదే కదా. కాగితం మీద పైన అంకె కొట్టేసి చిన్న ఒకటి వేయడం అన్నింటికన్నా చివర, అదీ పుల్లలు పక్కన పెట్టుకుని.

రోజుకు పావుగంట చాలు. విసుగొస్తే వైకుంఠపాళి తీయండి. 27 మీద ఉండి నాలుగు పడితే పిల్లలు ‘ఒకటి, రెండు, మూడు, నాలుగు’ అని గళ్లు దాటతారు. అలా కాకుండా ‘ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది, ముప్ఫై, ముప్ఫై ఒకటి’ అని గడిలో అంకె చదువుతూ కదలమనండి. గీతా రమణి, రాబర్ట్ సీగ్లర్ అనే పరిశోధకులు అమెరికాలో బడి వయసు రాని పిల్లలతో అంకెలు వరుసగా ఉన్న పటం మీద ఇలాంటి ఆట ఆడించి, సంఖ్యల మీద పట్టు పెరగడం చూశారు. 2008లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి.

అబాకస్ క్లాసు ఇప్పుడు వద్దు. పూసల చట్రం చెడ్డదని కాదు. ఆ క్లాసుల్లో వేగం మీద, పోటీల మీద దృష్టి ఉంటుంది. మీవాడికి నిదానం కావాలి. ఎక్కాలు అప్పజెప్పడం కూడా తాతయ్యగారిని కొంతకాలం ఆపమనండి. ఆయన ప్రేమ కొద్దీ కూర్చుంటున్నారు, ఆ సమయాన్ని వైకుంఠపాళికి ఇస్తే ఇద్దరికీ బాగుంటుంది. టీచర్‌కు ఆ రెండు తీసివేతలూ పక్కపక్కన చూపించి, ఒకే తీరుగా ఎందుకు తప్పాయో మర్యాదగా వివరించండి. ఒక్క టర్మ్ పాటు క్లాసులో విడి పుల్లలు, వేళ్లు వాడుకోనివ్వమని అడగండి.

ప్రశ్న: నమస్తే మేడం. మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో టీచర్‌ని. ఐదో తరగతిలో ఒక పాప ఇరవై దాటి లెక్కపెట్టలేదు, రెండంకెల సంఖ్యలు తిరగేసి రాస్తుంది. తెలుగు మాత్రం బాగా చదువుతుంది. ఇది డైస్కాల్కులియానా? పరీక్ష ఎక్కడ చేయిస్తారు? సర్టిఫికెట్ వల్ల ఉపయోగం ఉంటుందా? భాగహారాలు నడుస్తున్న క్లాసులో ఆ పాపను ఏం చేయమంటారు?
— ఒక ఉపాధ్యాయుడు, వనపర్తి జిల్లా

జవాబు: మాస్టారూ, అది డైస్కాల్కులియా అని మీరూ నేనూ తేల్చలేం. డైస్కాల్కులియా అంటే అంకెల పరిమాణం, వరుస మెదడుకు పట్టుబడటంలో పుట్టుకతోనే ఉండే ఇబ్బంది అన్నమాట. వందమంది పిల్లల్లో సుమారు మూడు నుంచి ఏడుగురికి ఉంటుందని అంచనా. కానీ లెక్కల్లో వెనకబడ్డ పిల్లలందరికీ ఇదే ఉంటుందనుకోకూడదు. ముందు కళ్లు, చెవులు చూపించండి. తర్వాత హాజరు పట్టీ తిరగేయండి. ఒకటి, రెండు తరగతుల్లో వలస వల్లో జబ్బు వల్లో నెలల తరబడి బడికి రాని పిల్లలకు పునాదే పడి ఉండదు. వాళ్లు సరిగ్గా చెబితే త్వరగా అందుకుంటారు. నిదానంగా, వస్తువులతో, కొన్ని నెలలు చెప్పినా కదలిక లేకపోతే అప్పుడు అనుమానించాలి.

ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రం మీ మండలంలో ఉందేమో కనుక్కుని, అక్కడ ఆ పిల్లలకు చెప్పే ఐఈఆర్‌పీ టీచర్‌తో మాట్లాడండి. పిల్లల ఆరోగ్యం పరీక్షించడానికి బడికి వచ్చే ఆర్‌బీఎస్‌కే (రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం) వైద్య బృందానికి కూడా పాప పేరు రాసివ్వండి, వాళ్లు జిల్లా కేంద్రంలోని డీఈఐసీకి, అంటే పిల్లల్లో ఇలాంటి ఇబ్బందుల్ని తొందరగా గుర్తించి సాయపడే కేంద్రానికి, పంపగలరు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల వైకల్యాల్లో నిర్దిష్ట అభ్యసన వైకల్యాలు ఒకటి, డైస్కాల్కులియా పేరు అందులో ఉంది. ఎనిమిదేళ్లు నిండిన పిల్లలకే ధ్రువపత్రం ఇస్తారు కాబట్టి మీ పాపకు వయసు అడ్డం కాదు. కేంద్ర ప్రభుత్వం 2018లో ఇచ్చిన మార్గదర్శకాలు, 40 శాతం లేదా అంతకు మించి వైకల్యం ఉన్నవారికి రాత పరీక్షలో గంటకు కనీసం 20 నిమిషాలు అదనంగా ఇవ్వాలని చెప్పాయి. పదో తరగతికి వచ్చేసరికి అది చిన్న సాయం కాదు. తల్లిదండ్రులు సర్టిఫికెట్ అంటే భయపడతారు, ‘పిచ్చి అని రాస్తారా’ అని అడిగినవాళ్లున్నారు. పాప తెలుగు ఎంత బాగా చదువుతుందో ముందు చెప్పి, తర్వాత ఈ విషయం ఎత్తండి.

సర్టిఫికెట్ వచ్చేదాకా ఆగనక్కర్లేదు. తరగతిని బట్టి కాక పిల్లలు ఉన్న స్థాయిని బట్టి గుంపులు చేసి రోజులో కాసేపు చెప్పే పద్ధతిని ప్రథమ్ సంస్థ ఎన్నో ఏళ్లుగా నడుపుతోంది. మీ రాష్ట్రంలో 2022లో ప్రభుత్వ బడుల్లో తొలిమెట్టు కార్యక్రమం మొదలైంది కూడా ఈ పునాది కోసమే. ఈ పాపను రెండో తరగతి పిల్లలతో ఊరికే కూర్చోబెట్టకండి, సిగ్గుపడి మూగబోతుంది. లెక్కల గంటలో ఓ అరగంట ఆ పిల్లల చేత పుల్లల కట్టలు కట్టించే పని తనకు అప్పగించండి. పది లెక్కపెట్టి రబ్బరు వేయడం, కట్టలు పంచడం, మిగిలినవి ఎన్నో బోర్డు మీద రాయడం. సాయం చేస్తున్నాననుకుంటూ తనూ రోజూ పదులు కడుతుంది. భాగహారం నడిచేటప్పుడు కూడా తనను వదిలేయకండి. పన్నెండు గింజలు ముగ్గురికి సమానంగా పంచమనండి. ఇరవైలోపు సంఖ్యలతోనే భాగహారం అంటే ఏమిటో తెలుస్తుంది.

ప్రశ్న: మా అమ్మాయి ఎనిమిదో తరగతి. చదవడం, రాయడంలో ఇబ్బంది పెట్టే డిస్లెక్సియా ఉందని తేలింది. సమీకరణం ఎలా కట్టాలో చెబుతుంది, ఏడెనిమిదులెంత అంటే మాత్రం చెప్పలేదు. ఇప్పటికైనా ఎక్కాలు బట్టీ పట్టించాలా, కాలిక్యులేటర్ ఇవ్వాలా?
— ఒక నాన్న, కరీంనగర్

జవాబు: బట్టీ వద్దు. డిస్లెక్సియా ఉన్న పిల్లల్లో చాలామందికి వరుసగా కంఠతా పట్టడమే కష్టం, తెలివికి దానికి సంబంధం లేదు. రెండు, ఐదు, పది ఎక్కాలు గట్టిగా వస్తే మిగతావి వాటితో కట్టుకోవచ్చు. ఏడెనిమిదులంటే ఐదెనిమిదులు నలభై, రెండెనిమిదులు పదహారు, కలిపితే యాభై ఆరు. తొమ్మిదో ఎక్కానికి పదో ఎక్కం చెప్పి ఆ అంకెను ఒక్కసారి తగ్గించడం. తొమ్మిదారులంటే అరవైలోంచి ఆరు పోతే యాభై నాలుగు. ఇలా రెండు అడుగుల్లో చేయడానికి కాస్త సమయం పడుతుంది, ఆ సమయం ఇవ్వండి.

బీజగణితం చేసేటప్పుడు ఎక్కాల పట్టిక పక్కన ఉంచండి, లేదా కాలిక్యులేటర్ ఇవ్వండి. ఒక్క షరతు: మీట నొక్కేముందు జవాబు సుమారు ఎంత రావాలో నోటితో చెప్పాలి. 48ని 21తో గుణిస్తే యాభై ఇరవైలు వెయ్యి, ఆ దరిదాపుల్లో రావాలి. తెర మీద 108 కనిపిస్తే ఏదో అంకె జారిందని తనకే తెలుస్తుంది. పరీక్షలో ఏం అనుమతిస్తారన్నది బోర్డును బట్టి మారుతుంది. తొమ్మిదో తరగతి మొదట్లోనే ధ్రువపత్రం జతచేసి హెడ్‌మాస్టర్‌కు రాతపూర్వకంగా అర్జీ పెట్టండి, అందినట్టు సంతకం తీసుకోండి. పదో తరగతి ఫీజు కట్టేటప్పుడు అడిగితే ఆలస్యమైపోతుంది.