మళ్ళీ వేసిన నాటకం ఆగిపోతే ఇంత దుఃఖం దేనికి? నల్లగొండ నుంచి ఒక జవాబు

అడిగిన ప్రశ్న ఇది: "న్యూయార్కులో ‘జిప్సీ’ అనే పాత సంగీత నాటకాన్ని మళ్ళీ వేస్తూ, చెప్పిన తేదీకంటే ముందే ఆపేశారని అభిమానులు శోకాలు పెట్టారు. పాత నాటకమే కాబట్టి కొన్నేళ్ళకు మరొకరెవరో వేస్తారు కదా, దీనికి ఇంత దుఃఖం ఎందుకు? మన తెలుగువారిలో ఎవరికైనా ఇటువంటి అనుభవం ఉన్నదా?"

ఉన్నది. నేను నల్లగొండలో క్లాక్ టవర్‌కు దగ్గరలో ఇరవై రెండేళ్ళుగా డీటీపీ, జిరాక్సు దుకాణం నడుపుతున్నాను. మా పట్టణంలో రెండు దశాబ్దాలకు పైగా మూలపడి ఉన్న ఒక పద్యనాటక సమాజాన్ని కొందరు రిటైరైన ఉపాధ్యాయులు 2022లో మళ్ళీ నిలబెట్టారు. పధ్నాలుగు నెలలు ఆడి, పదకొండు ప్రదర్శనల తర్వాత అది ఆగిపోయింది. మొదటి కరపత్రం నుంచి చివరి కరపత్రం దాకా అన్నీ నా దుకాణంలోనే తయారయ్యాయి కాబట్టి, ఈ సంగతిని ప్రేక్షకుడిగా చెప్పగలను, కొంతవరకు లోపలి మనిషిగానూ చెప్పగలను.

ముందు మీరు అడిగిన నాటకం గురించి రెండు మాటలు. ‘జిప్సీ’ని మొదట 1959లో వేశారు. ఆ తర్వాత బ్రాడ్వేలో, అంటే న్యూయార్కులో పెద్ద నాటకశాలలు ఉండే చోట, 1974, 1989, 2003, 2008 సంవత్సరాలలో మళ్ళీ మళ్ళీ వేసి, ఐదవసారి 2024 డిసెంబరు 19న మెజెస్టిక్ థియేటరులో ప్రారంభించారు. 2025 అక్టోబరు 5 వరకు ఉంటుందని ప్రకటించి ఆగస్టు 17ననే ముగించారు. అక్కడ వారానికి ఎనిమిది ఆటలు ఆడాలి. ఆ వారం టిక్కెట్ల రాబడి ఆ వారం ఖర్చుకు సరిపోకపోవడం వరుసగా జరిగితే నిర్మాతలు మూసివేత తేదీ ప్రకటిస్తారు. న్యూజెర్సీలో ఉండే నా మేనకోడలు సెప్టెంబరుకు టిక్కెట్లు కొనిపెట్టుకున్నది. మీరు అడిగిన ప్రశ్ననే నేను ఆమెను ఫోనులో అడిగాను. "పైసలు వాపస్ వచ్చినయి మామా, నాకు పైసల బాధ కాదు. నాటకం మళ్ళ వస్తది, కానీ ఈమె రాదు" అన్నది. ఈమె అంటే ఈసారి తల్లి పాత్ర వేసిన ఆద్రా మెక్‌డొనాల్డ్. ఆ పాత్రను 1959లో ఎథెల్ మెర్మన్ వేసింది మొదలు, ప్రతిసారీ ఒక కొత్త నటి తన పద్ధతిలో వేసింది. అయిదుసార్లు మళ్ళీ వచ్చిన నాటకమే అయినా, ఏ నటి కోసం టిక్కెట్టు కొన్నామో ఆ నటి మాత్రం ఆ ఒక్కసారికే దొరుకుతుంది. ఆ మాట నాకు వెంటనే అర్థమైంది, ఎందుకంటే మా ఊళ్ళో పోయింది కూడా నాటకం కాదు.

మా సమాజం వేసినది తిరుపతి వేంకట కవుల ‘పాండవోద్యోగం’. జనం దానిని రాయబారం నాటకమనే పిలుస్తారు. ఆ పుస్తకానికి ఏ లోటూ లేదు, ఈ రోజు అడిగినా దొరుకుతుంది. ఆ జంటకవులు గోదావరి సీమ నుంచి వచ్చి మన పాలమూరు సీమలోని గద్వాల, ఆత్మకూరు సంస్థానాలలో అవధానాలు చేసినవారు. వారి పద్యాలు మన వైపు కొత్తగా వచ్చినవి కావు. మా నాయన బడి మొహం ఎక్కువ చూసినవాడు కాదు గానీ, "చెల్లియొ చెల్లకో" పద్యాన్ని మోట కొడుతూ పాడుకునేవాడు. అది ఉత్పలమాల అని నాకు డిగ్రీలో తెలిసింది, ఆయనకు ఎన్నడూ తెలియదు.

ఈ నాటకం ఎలా నడుస్తుందో చూడనివారికి కొంచెం చెప్పాలి. ఒకే రాత్రి ఒకే కృష్ణుడు ఉండడు. పడుకున్న కృష్ణుడి దగ్గరికి దుర్యోధనుడు, అర్జునుడు సాయం కోరివచ్చే పడక సీనుకు ఒక కృష్ణుడు, రాయబారం సీనుకు ఇంకొక కృష్ణుడు, కర్ణుడితో మాట్లాడే ఘట్టానికి మూడవ కృష్ణుడు వస్తారు. ఆ పద్యాలను అంత పై శృతిలో, మైకు ఉన్నా లేనట్టే, తెల్లవారేదాకా ఒక్క గొంతు పాడటం కష్టం కాబట్టి ఈ పద్ధతి వచ్చింది. దీనివల్ల ప్రేక్షకులలో పక్షాలు కూడా ఏర్పడతాయి. మా దుకాణం పక్కన చాయ్ హోటలులో పడక సీను కృష్ణుడి మనుషులు ఒక బల్ల దగ్గర, రాయబారం కృష్ణుడి మనుషులు ఇంకొక బల్ల దగ్గర కూర్చునేవారంటే అతిశయోక్తి కాదు. నేను రాయబారం కృష్ణుడి పక్షం. ఆయన పగలు ఎరువుల దుకాణంలో లెక్కలు రాసేవాడు.

అన్నిటికంటే ముఖ్యుడు హార్మోనియం మాస్టారు. ఆయన మిర్యాలగూడ వైపు నుంచి బస్సులో వచ్చేవారు. నటుడు పద్యం చివరి పాదం అందుకుని రాగం తీస్తున్నప్పుడు, ఆ రోజు ఆ గొంతు ఎంతవరకు పోగలదో ఆయన ముందే గ్రహించి, పోలేని చోట తానే స్వరాన్ని మెల్లగా కిందికి దించి దారి చూపేవారు. వినేవాడికి అది నటుడి గొప్పతనంగానే అనిపించేది. నాకు ఈ రహస్యం ఆరో ప్రదర్శనలోనో ఏడో ప్రదర్శనలోనో, వేదిక పక్కన కరపత్రాల కట్టమీద కూర్చుని చూస్తున్నప్పుడు తెలిసింది.

దేవరకొండ దగ్గర ఒక పల్లెలో ఆడిన రాత్రి నాకు బాగా గుర్తు. చలికాలం, జనం గొంగళ్ళు కప్పుకుని వచ్చారు. మా కృష్ణుడు "జెండాపై కపిరాజు" ఎత్తుకోగానే, ముందు వరుసలో కూర్చున్న ఒక ముసలాయన కళ్ళు మూసుకుని ఆయనకంటే అర క్షణం ముందుగా పద్యం అంటున్నాడు. పద్యం పూర్తికాగానే వన్స్ మోర్ అని అరిచిందీ ఆయనే. మళ్ళీ పాడారు. మూడోసారి అడిగితే మాస్టారు హార్మోనియం మీద చేయి వేసి నవ్వి, తబలా ఆయనకు సైగ చేసి, అదే పద్యాన్ని వేరొక రాగంలో ఎత్తి ఇచ్చారు. కృష్ణుడు ఒక్క క్షణం తడబడి అందుకున్నాడు. ముసలాయన లేచి, రొంటిన ఉన్న యాభై రూపాయల నోటు తీసి ఇచ్చి పంపితే, ఆయన పేరు మైకులో చదివారు. అటువంటి రాత్రి పుస్తకంలో ఉండదు. ఆ రోజు ఫోనులో తీసిన వీడియో నా దగ్గర ఉన్నది. దానిలో పద్యం వినపడుతుంది, హార్మోనియం గీగీమంటుంది, ముసలాయన అసలు కనపడడు.

ఇప్పుడు ఆగిపోయిన సంగతికి వస్తాను. న్యూయార్కు అభిమానులకు ఒక అదృష్టం ఉన్నది: చివరి ఆట ఎప్పుడో వారికి తెలుసు. ఆ రోజు వెళ్ళి, ఏడ్చి, లేచి నిలబడి చప్పట్లు కొట్టి రావచ్చు. మా దగ్గర ఎవరూ ఏమీ ప్రకటించలేదు. పదకొండవ ప్రదర్శన ఒక జాతరలో జరిగింది. వర్షం వచ్చి రెండు గంటలకే ఆపి, మిగిలిన ఘట్టాలు వచ్చేసారి చూపిస్తామని మైకులో చెప్పి అందరం డీసీఎం వ్యాను ఎక్కి వచ్చేశాం. ఆ వచ్చేసారి రాలేదు. చివరి ఆట చూస్తున్నామని తెలియకుండానే చూసి వచ్చినవారికి, ఆ తెలియకపోవడమే తర్వాత ఎక్కువ బాధించింది. కొందరు ఆ రాత్రి వర్షానికి ముందే ఇంటికి పోయారు, వారు ఇప్పటికీ ఆ మాట చెప్పుకుంటారు.

నెల గడిచింది, రెండు నెలలు గడిచాయి. చాయ్ హోటలులో రెండు బల్లల వాళ్ళూ ఒకే బల్ల దగ్గరికి వచ్చి సమాజం కార్యదర్శిని తిట్టడం మొదలుపెట్టారు. ఊళ్ళవాళ్ళు ఇచ్చిన చందాలు, చదివింపులు ఏమైనాయన్నారు. జనం వస్తుంటే ఆపడమేమిటన్నారు. నిజంగానే జనం వచ్చేవారు. ఆ మాటలు నాకు న్యాయంగా తోచి, నేను ఇంకొక మెట్టు పైకి ఎక్కాను: "ప్రేక్షకులకు లెక్క చెప్పండి" అనే శీర్షికతో ఒక పేజీ టైపు చేసి, యాభై కాపీలు తీసి పంచాను. కింద నా పేరు కూడా వేసుకున్నాను. ఈ జవాబు రాయడానికి అసలు కారణం ఆ పేజీయే.

వారం తిరక్కుండా కార్యదర్శి సారు దుకాణానికి వచ్చారు. కోపంగా లేరు. చేతిలో ఒక పొడుగాటి నోటుపుస్తకం ఉన్నది. "లెక్క అడిగినవు గద తమ్మీ, సూడు" అని కౌంటరు మీద పెట్టి, జిరాక్సుకు వచ్చిన పిల్లలకు దారి ఇచ్చి పక్కన నిలబడ్డారు. కిరీటాలు, భుజకీర్తులు, తెరలు, మేకప్ అన్నీ కలిపి ఒక రాత్రికి పద్నాలుగు వేలు. మైకు, లైట్లు ఆరు వేలు. ద్రౌపది, కుంతి వేషాలకు తెనాలి నుంచి వచ్చే నటీమణికి ఛార్జీలతో ఎనిమిది వేలు. హార్మోనియానికి, తబలాకు కలిపి ఏడు వేలు. డీసీఎం అయిదు వేలు. భోజనాలు వేరు. ఊరు ఇచ్చేది పాతిక నుంచి ముప్పై వేలు, చదివింపులు మహా అయితే మూడు నాలుగు వేలు. ప్రతి ప్రదర్శన పేరు కింద "లోటు" అని రాసి, ఆ లోటును ఎవరెవరు ఎంత భరించారో వరుసగా రాశారు. వేషం వేసినవారే భరించారు. మా ఎరువుల దుకాణం కృష్ణుడు పదకొండు రాత్రులకు కలిపి పెట్టినది చూసి, ఆయన జీతం ఎంతో తెలిసినవాణ్ణి కాబట్టి, నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

జనం నిండుగా ఉన్న నాటకం ఎలా ఆగిపోతుందో నాకు ఆ రోజు తెలిసింది. బ్రాడ్వేలో సీట్లు ఖాళీ అయితే నష్టం వెంటనే కనపడుతుంది. మా దగ్గర టిక్కెట్టు లేదు. మైదానం నిండినా ఖాళీగా ఉన్నా లోటు ఒక్కటే, అది ప్రేక్షకుడి కంట పడదు.

సారు వెళ్ళిపోయాక కంప్యూటరులో పాత కరపత్రాల ఫైళ్ళు తీసి వరుసగా చూశాను. మొదటిదానిలో పాత్రధారుల పేర్లు పద్దెనిమిది, కృష్ణులు ముగ్గురు. నాలుగోదానిలో మూడవ కృష్ణుడు లేడు; ఆయన కొడుకు దగ్గరికి హైదరాబాదు వెళ్ళిపోయాడు. ఏడోదానిలో భీష్ముడు, ద్రోణుడు పేర్ల ఎదుట ఒకే మనిషి పేరు ఉన్నది. తొమ్మిదోదానిలో తబలా ఆయన పేరు తీసేయమంటే తీసేశాను. చివరిదానిలో పదకొండు పేర్లు, ఒక్క కృష్ణుడు. ఖాళీ కనపడకుండా అక్షరాల సైజు పెంచమని సారు అడిగితే, పెంచింది కూడా నేనే. వంద మంది అభిమానులలో ఈ నాటకం తరిగిపోవడం తన చేతులతో టైపు చేసినవాణ్ణి నేనొక్కణ్ణే. అయినా లెక్క చెప్పమని పేజీ కొట్టింది కూడా నేనే.

కాబట్టి మీ ప్రశ్నకు నా జవాబు ఇది. మళ్ళీ వేసిన నాటకం అంటే ఆ పని వచ్చిన కొద్దిమంది ఒక కాలంలో ఒక చోట కలవడం. మాస్టారికి ఇప్పుడు డెబ్బై నాలుగేళ్ళు, చేతి వేళ్ళు వంగడం లేదని అంటున్నారు. పదేళ్ళ తర్వాత ఎవరైనా ఇదే నాటకాన్ని వేస్తే నేను తప్పక వెళతాను, కానీ దేవరకొండ దగ్గర ఆ పద్యానికి రాగం మార్చి ఎత్తి ఇచ్చిన చేయి అక్కడ ఉండదు. అభిమానుల దుఃఖం దాని గురించి. వారి కోపం మాత్రం తరచుగా తప్పు మనిషి మీదికి పోతుంది. మీకు నచ్చిన నాటకం ఇంకా ఆడుతుండగానే, కరపత్రంలో పేర్లు తగ్గుతున్నాయేమో చూడండి. చదివింపుల పళ్ళెం మీ ముందుకు వచ్చినప్పుడు ఫోను చూసుకోకండి.

ఆ నోటుపుస్తకం చివరి పేజీలో బాకీల కింద నా దుకాణం పేరు కూడా ఉన్నది: కరపత్రాలకు రెండు వేల మూడు వందలు. సిగ్గుపడి, దాన్ని కొట్టేయమని సారుతో అన్నాను. ఆయన పుస్తకం మూసి చంకలో పెట్టుకుంటూ, "వద్దు తమ్మీ, ఉండనియ్యి. మళ్ళ ఏసినప్పుడు ఇస్తం" అన్నారు. నేను ఇంకేమీ అనలేదు. ఆ బాకీ ఇప్పటికీ అలాగే ఉన్నది.